పలచగా చల్లిన వెలుతురు

కార్తీక మాసం, తెల్లవారుజాము నాలుగున్నర. రాజమండ్రి కోటిలింగాల ఘాట్‌లో మెట్ల మీద కాలు పెట్టే చోటు లేదు. మా మేనత్త తడిబట్టలతోనే అరటి దొప్పలో వత్తి వెలిగించి, నీళ్లలో వదిలి, చేత్తో అలను మెల్లగా ముందుకు తోసింది. "తియ్యరా ఫొటో, వెళ్లిపోతంది" అంది. తీశాను. ఫోన్ తెర మీద ముచ్చటగానే ఉంది. ఇంటికొచ్చి టీవీలో పెద్దది చేసి చూపిస్తే దీపమూ, దాని చుట్టూ జానెడు మేర వెలుగూ చక్కగా ఉన్నాయి గాని, ఆ అవతల నల్లగా ఉండాల్సిన గోదారంతా ఊదా, ఆకుపచ్చ, ఎరుపు ఇసుక చల్లినట్టుంది. "నీళ్లలో ఇదేంట్రా, ఎవరైనా రంగులు కలిపారా?" అని అడిగింది అత్త.

ఎవరూ కలపలేదు. ఆ ఇసుకని మన పెళ్లి ఫొటోగ్రాఫర్లు 'గ్రెయిన్స్' అంటారు, పుస్తకాల్లో 'నాయిస్' అని రాస్తారు. చప్పుడుకీ ఫొటోకీ సంబంధమేంటంటే, ఆ మాట విద్యుత్ పరికరాల్లోంచి వచ్చింది. 1918లో జర్మనీలో వాల్టర్ షాట్కీ అనే భౌతికశాస్త్రవేత్త, వాక్యూమ్ ట్యూబుల్లో కరెంటు ఎందుకు నిలకడగా ఉండదో వివరించాడు. కరెంటు నీటిధారలా పారదు, ఎలక్ట్రాన్లు ఒక్కొక్కటిగా వచ్చి పడతాయి, ఆ పడటంలో వరస ఉండదు అన్నాడు. రేకుల కప్పు మీద వడగళ్లు పడుతున్నట్టన్నమాట. వెలుతురు కూడా అంతే. వెలుతురు కణాలైన ఫోటాన్లు ఒక్కొక్కటిగా, వేళాపాళా లేకుండా వస్తాయి.

ఇది అర్థం కావాలంటే మన నారుమడి గట్టున నిలబడితే చాలు. దమ్ము చేసి చదును పట్టిన మడిలో, మండె కట్టిన విత్తనాన్ని చేయి తిరిగిన రైతు చల్లాడనుకోండి. నాలుగు రోజుల తర్వాత మొలకలొచ్చాక ఒక్కో జానెడు చదరంలో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. ఒత్తుగా చల్లిన మడిలో ఎక్కడ చూసినా ఒకేలా పచ్చటి తివాచీ. పలచగా చల్లిన మడిలో మాత్రం ఇక్కడ ఆరు, పక్కన పన్నెండు, ఇంకోచోట తొమ్మిది. చల్లిన చేయి అదే, విత్తనం అదే. చెయ్యి వణకలేదు. పలచన కావడమే అసలు సంగతి.

దీనికో లెక్క ఉంది. సగటున తొమ్మిది మొలకలొచ్చే చోట హెచ్చుతగ్గు దాదాపు మూడు ఉంటుంది. తొమ్మిది వందలొచ్చే చోట ముప్ఫై. అంటే హెచ్చుతగ్గు సగటుకి వర్గమూలం. డిగ్రీలో గణాంకశాస్త్రం చదివినవాళ్లు పాయిజాన్ విభాజనం పేరుతో దీన్ని చూసే ఉంటారు. ముప్ఫై అనేది మూడు కన్నా పెద్దదే, కాని తొమ్మిదిలో మూడంటే మూడో వంతు. తొమ్మిది వందల్లో ముప్ఫై అంటే ముప్ఫయ్యో వంతు. కంటికి కనిపించేది ఆ వంతే. పట్టపగలు తీసిన ఫొటోలోనూ నాయిస్ ఉంటుంది, ఆ మాటకొస్తే ఎక్కువే ఉంటుంది. వెలుతురు దాన్ని మించి ఉండటం వల్ల మనకి తెలియదు.

కెమెరా సెన్సర్ కూడా సిలికాన్ పలక మీద కోట్ల సంఖ్యలో కట్టిన మళ్లే. ఒక్కో మడి ఒక పిక్సెల్. ఒక ఫోటాన్ సిలికాన్‌లో పడితే ఒక ఎలక్ట్రాన్ విడివడి ఆ మడిలో నిలుస్తుంది. షట్టర్ మూసుకున్నాక ఏ మడిలో ఎన్ని నిలిచాయో లెక్కపెట్టి అంకె రాయడమే ఫొటో తీయడం. వెలుతురుని లక్సుల్లో కొలుస్తారు. మిట్టమధ్యాహ్నం ఎండ దాదాపు లక్ష లక్సులుంటే, నిండు పున్నమి వెన్నెల లక్సులో దాదాపు పావు వంతే. చేత్తో పట్టుకుని తీసేటప్పుడు, పగలు సెకనులో వెయ్యో వంతు తెరుచుకునే షట్టర్ రాత్రి మహా అయితే పదిహేనో వంతు తెరుచుకోగలదు. అంతకన్నా ఆగితే చెయ్యి కదిలి ఫొటో అలుక్కుపోతుంది. లక్షల రెట్లు తగ్గిన వెలుతురుకి డెబ్భై రెట్ల వెసులుబాటు ఏమూలకి?

కోనసీమలో రాత్రి ముహూర్తాల పెళ్లిళ్లు తీసే ఒక ఫొటోగ్రాఫర్‌ని ఈ గ్రెయిన్స్ గురించి అడిగాను. "ఆయ్, ఐఎస్ఓ పెంచితే వచ్చేస్తాయండి" అన్నాడు. ఆ వృత్తిలో ఉన్న అందరి నోటా ఇదే మాట. అనుభవంలో కనబడేది అదే గనక తప్పుపట్టలేం, కాని కారణం అది కాదు. ఐఎస్ఓ పెంచడమంటే మడిలో నిలిచినదాన్ని అంకెగా రాసేముందు హెచ్చవేయడం. ఆరు, తొమ్మిది, పన్నెండు వచ్చిన మళ్లను పదితో హెచ్చవేస్తే అరవై, తొంభై, నూట ఇరవై అవుతాయి. ఫొటో వెలుగొస్తుంది, దాంతోపాటు తేడాలూ బయటపడతాయి. ఐఎస్ఓ ఆ తేడాలను పుట్టించలేదు, చూపించింది. నిజానికి అంతే వెలుతురులో, అంతే షట్టర్‌తో తీసేటప్పుడు ఐఎస్ఓ తక్కువ పెట్టి, ఆనక కంప్యూటర్లో వెలుగు పెంచడం కన్నా, తీసేటప్పుడే ఐఎస్ఓ పెంచడం చాలా కెమెరాల్లో మేలు. అంకె రాసే దశలో చేరే పొరపాట్ల కంటే ముందే హెచ్చవేత జరిగిపోతుంది గనక.

మరి మా అత్త అడిగిన రంగుల సంగతి? సిలికాన్‌కి రంగు తెలియదు. ఎన్ని ఫోటాన్లొచ్చాయో చెబుతుందేగాని ఏ రంగువో చెప్పలేదు. అందుకే కొడాక్ కంపెనీలో బ్రైస్ బేయర్ 1976లో పేటెంటు పొందిన పద్ధతి ప్రకారం, మళ్ల మీద రంగుటద్దాలు పరుస్తారు. సగం మళ్ల మీద ఆకుపచ్చ, పావు వంతు మీద ఎరుపు, మిగతా పావు మీద నీలం. ప్రతి అద్దమూ తన రంగుని రానిచ్చి మిగతాది ఆపేస్తుంది. అసలే పలచగా ఉన్న వెలుతురులో మూడింట రెండొంతులు ఇక్కడే పోతుంది. ఆ పైన, నేతి దీపం వెలుగు ఎర్రటిది, నీలం అందులో లేనట్టే. నీలపు మళ్లు దాదాపు ఎండిపోతాయి. తెల్లచీర తెల్లగా కనబడాలని కెమెరా నీలపు అంకెలను మిగతావాటికన్నా ఎన్నో రెట్లు హెచ్చవేస్తుంది. ఎండిన మడిలో పడ్డ ఒకటీ రెండూ ఫోటాన్ల తేడా ఊదా రంగు చుక్కై కూర్చుంటుంది. గోదాట్లో ఎవరూ కలపని రంగులు ఇవే.

ఇక నివారణ. సెన్సర్లు తయారుచేసేవాళ్లు ఏభై ఏళ్లుగా చేస్తున్న పనులన్నీ చూస్తే నాకు రెండే దారులు కనిపిస్తాయి. ఒకటి, పోగుచేయడం. రెండు, ఊహించడం. పోగుచేయడంలోనే నా మనసు ఉంది, అందుకని దాని గురించే ఎక్కువ చెబుతాను.

అన్నిటికన్నా పాత ఉపాయం మడి పెంచడం. పెద్ద కెమెరాల్లో ఫుల్ ఫ్రేమ్ సెన్సర్ 36 మిల్లీమీటర్ల పొడవు, 24 మిల్లీమీటర్ల వెడల్పు. అంటే 864 చదరపు మిల్లీమీటర్లు. చిన్న ఫోన్ సెన్సర్ పాతిక చదరపు మిల్లీమీటర్లుంటుంది. ముప్ఫై అయిదు రెట్ల తేడా. అలాగే లెన్సు కన్ను ఎంత తెరుచుకుంటే అంత వెలుతురు; ఎఫ్ అంకె తగ్గేకొద్దీ ఆ కన్ను పెద్దది. కెమెరాతోపాటు వచ్చే మామూలు లెన్సు ఎఫ్ 3.5 దగ్గర ఆగితే, ఎఫ్ 1.8 లెన్సు దానికి దాదాపు నాలుగు రెట్లు వెలుతురు లోపలికి పంపుతుంది. పెళ్లి ఫొటోగ్రాఫర్లు అప్పుచేసైనా ఆ లెన్సు కొనేది అందుకే.

తర్వాతది నాకు ఇష్టమైన కథ. పాత సెన్సర్లలో ఒక్కో మడికి విద్యుత్ తీగెలు పైనుంచి వెళ్లేవి. కడియం నర్సరీల్లో లేత మొక్కల మీద షేడ్ నెట్ కడతారు చూడండి, అచ్చం అలా ఆ తీగెల వల వెలుతురుకి అడ్డం పడేది. నర్సరీలో నీడ కావాలని కడతాం, ఇక్కడ అక్కర్లేకుండానే నీడ. ఇంజనీర్లు సిలికాన్ పలకని బోర్లా తిప్పేశారు. వీపుభాగాన్ని కొన్ని మైక్రాన్ల మందం మిగిలేలా అరగదీసి, అటునుంచి వెలుతురు పడనిచ్చారు. తీగెలు కిందికి పోయాయి. చెప్పడానికి సులువే, అంత పలచని పలకని పగలకుండా, తిన్నగా లక్షల్లో తయారుచేయడం దశాబ్దాల పని. సోనీ కంపెనీ 2008లో దీన్ని ప్రకటించింది, ఏడాది తిరిగేసరికి కెమెరాల్లో అమ్మకానికొచ్చింది. ఇవాళ జేబులో ఉన్న ఫోన్లు దాదాపు అన్నిట్లో ఉన్నవి ఈ బోర్లా తిప్పిన పలకలే.

పోగుచేసినదాన్ని లెక్కపెట్టేటప్పుడు జరిగే పొరపాటు ఇంకో రకం. ఒక మడిలో పది ఎలక్ట్రాన్లుంటే, లెక్కపెట్టే సర్క్యూటే ఇరవై అటూఇటూగా చెబితే ఏం లాభం? మడిని ఖాళీచేసి మళ్లీ సిద్ధం చేసిన ప్రతిసారీ, సున్నా దగ్గర ఆగాల్సిన ముల్లు ఒక్కోసారి ఒక్కోచోట ఆగుతుంది. వేడివల్ల వచ్చే ఆ చాంచల్యాన్ని ఆపలేం. మన ధాన్యం కళ్లంలో చేసే పనే ఇక్కడా చేశారు. బుట్ట ఖాళీగా ఉన్నప్పుడు ఒకసారి తూచి, ధాన్యం పోసి ఇంకోసారి తూచి, మొదటిది తీసేస్తే బుట్ట ఎంత బరువుంటే మనకేం? సెన్సర్ కూడా ఎలక్ట్రాన్లు దించుకునేముందు ఒకసారి, దించుకున్నాక ఒకసారి కొలిచి తీసివేస్తుంది. ఈ పద్ధతి 1970లలో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థలో పుట్టింది. ఎలక్ట్రాన్లు ఒక్కటీ మిగలకుండా దిగేలా మడి అడుగుని తీర్చిదిద్దినవాడు జపాన్ ఇంజనీరు నొబుకాజు తెరనిషి, 1980లో. ఆ రెంటినీ చవకైన చిప్పులోకి తెచ్చినవారిలో ముందున్నవాడు ఎరిక్ ఫాసమ్, అమెరికా అంతరిక్ష సంస్థ నాసా ప్రయోగశాలలో, 1990లలో. ఇవాళ మంచి సెన్సర్ లెక్కలో ఒకటి రెండు ఎలక్ట్రాన్లకి మించి తేడా రాదు.

ఊదగడ్డి సంగతి కూడా చెప్పాలి. విత్తనం చల్లకపోయినా నారుమడిలో ఊద మొలుస్తుంది. అలాగే వెలుతురు పడకపోయినా, వేడికి సిలికాన్‌లో ఎలక్ట్రాన్లు వాటంతటవే పుడతాయి. ఉష్ణోగ్రత ఆరు నుంచి ఎనిమిది డిగ్రీలు పెరిగితే వాటి సంఖ్య రెట్టింపవుతుంది. సెకనులో పదిహేనో వంతు ఫొటోకి ఇదేమంత లెక్కలోకి రాదు. కాని రోహిణీ కార్తెలో డాబా మీద కెమెరా పెట్టి నక్షత్రాల కోసం నిమిషాల తరబడి షట్టర్ తెరిచినవాళ్లకి ఊద ఎంత మొలుస్తుందో బాగా తెలుస్తుంది. పెద్ద కెమెరాలు ఇందుకోసం ఒక పని చేస్తాయి. ఫొటో అయ్యాక షట్టర్ మూసి, అంతే సేపు ఇంకో నల్లఫొటో తీసి, మొదటిదాంట్లోంచి తీసివేస్తాయి. ఒక నిమిషం ఫొటో తీస్తే ఇంకో నిమిషం కెమెరా పలకకుండా ఉండేది అందుకే. పాడైందేమోనని కంగారుపడి ఆపేయకండి.

ఇప్పుడు ఫోన్ల నైట్ మోడ్. చిన్న మడి, చిన్న కన్ను, చేత్తో పట్టుకోవడం. వీటిలో ఏదీ మార్చలేక, ఒకే మడిలో మళ్లీమళ్లీ చల్లే దారి పట్టారు. గూగుల్ కంపెనీ 2013లోనే ఫోన్లలో గుత్తులుగా ఫొటోలు తీసి కలపడం మొదలుపెట్టింది. 2018 నవంబరులో వచ్చిన దాని రాత్రి ఫొటో పద్ధతి పదిహేను దాకా ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. తర్వాత అందరూ అదే దారి. తొమ్మిది ఫొటోలు కలిపితే వెలుతురు తొమ్మిది రెట్లు, తేడా మూడు రెట్లు. అంటే శుభ్రత మూడింతలు. పక్కపక్కన ఉన్న నాలుగు మళ్లను ఒకటిగా కలిపేసి, ఏభై మెగాపిక్సెళ్ల సెన్సర్ నుంచి పన్నెండున్నర మెగాపిక్సెళ్ల ఫొటో ఇవ్వడమూ ఇలాంటి ఎత్తే, అక్కడ శుభ్రత రెండింతలు.

చెయ్యి కదిలితే? ఫోన్ ప్రతి ఫొటోనీ చిన్నచిన్న ముక్కలుగా చేసి, ఏ ముక్క ఎటు జరిగిందో వెతికి, సరిగ్గా దాని చోటుకి తెచ్చి కలుపుతుంది. ఘాట్ మెట్లు, హేవ్‌లాక్ వంతెన స్తంభాలు కదలవు గనక పొందిగ్గా కుదురుతాయి. పారే నీళ్లు కుదరవు. కుదరని చోట సగటు తీయకుండా ఒకే ఫొటోని ఉంచుతుంది, లేదా అలలన్నిటినీ కలిపి మైనం పూసినట్టు చేసేస్తుంది. రాత్రి తీసిన గోదావరి చాలా ఫొటోల్లో నూనెలా నున్నగా ఉండేది ఇందువల్లే.

ఇలా పోగుచేసినదాంట్లోంచి ఎంత దాకా రాబట్టొచ్చో తెలియాలంటే ఇక్కడ ఒక తెలుగాయన పేరు చెప్పుకోవాలి. కల్యంపూడి రాధాకృష్ణారావు. గూడూరు, నూజివీడు, నందిగామల్లో చదివి, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయం నుంచి గణితంలో పట్టా పొందిన సి. ఆర్. రావు. పాతికేళ్లు నిండీ నిండని వయసులో కలకత్తాలో పాఠం చెబుతుండగా ఒక విద్యార్థి అడిగిన ప్రశ్న పట్టుకుని కూర్చుని, 1945లో ఒక ఫలితాన్ని ప్రచురించాడు. స్వీడన్‌లో హెరాల్డ్ క్రామర్ కూడా విడిగా అదే కనుక్కున్నాడు గనక క్రామర్–రావు అవధి అంటారు. మామూలు మాటల్లో చెబితే: మన చేతిలో ఉన్న కొలతల్లో ఎంత సమాచారం ఉందో లెక్క వేయొచ్చు, పక్షపాతం లేని ఏ పద్ధతీ ఆ సమాచారం అనుమతించే దానికన్నా తక్కువ తేడాతో జవాబు చెప్పలేదు.

ఈ అవధిని మన నారుమడికి వర్తింపజేస్తే ఒళ్లు పులకరించే ఫలితం వస్తుంది. పాయిజాన్ లెక్కలో పడే ఫోటాన్లకి, అన్ని ఫొటోల మామూలు సగటు సరిగ్గా ఆ అవధిని తాకుతుంది. తాకి ఆగుతుంది. అంటే తొమ్మిది ఫొటోల నుంచి ఒక్కో మడి విడిగా ఇవ్వగలిగినదంతా సగటు ఇచ్చేసింది. అంతకన్నా శుభ్రమైన ఫొటో ఏ కంపెనీ ఫోనైనా చూపిస్తోందంటే, ఆ మిగతాది ఆ మళ్లలో పడ్డ వెలుతురులోంచి రాలేదు. ఇంకెక్కడినుంచో తెచ్చి కలిపారు. రావు గారు నూటరెండేళ్లు బతికి 2023 ఆగస్టులో కన్నుమూశారు. ఆయన కలకత్తాలో ఆ ఫలితం రాసేనాటికి డిజిటల్ కెమెరా అనే ఊహే లేదు.

ఆ ఇంకెక్కడినుంచో తేవడమే రెండో దారి, ఊహించడం. పక్క మళ్లు ఒకేలా ఉంటే ఇదీ అలాగే ఉండి ఉంటుందని సర్దడం అందులో సులువైన మెట్టు. కొబ్బరాకు ఈనెల్లాంటివి ఫొటోలో పదిచోట్ల ఉంటే, ఒకదాన్ని చూసి ఒకదాన్ని దిద్దడం ఇంకో మెట్టు. ఇప్పుడొస్తున్న కృత్రిమ మేధ లక్షల ఫొటోలు చూసి ముఖమంటే, ఆకంటే, నీళ్లంటే ఎలా ఉంటాయో నేర్చుకుని, ఆ నేర్చినదాన్ని మన ఫొటోలో నింపుతుంది. చాలాసార్లు ఊహ నిజమే అవుతుంది. పుట్టినరోజు ఫొటోకి అది చాలు. దాన్ని నేను తప్పనను.

ఎక్కడ చాలదో కోరంగికి వెళితే తెలుస్తుంది. కాకినాడ పక్కన గోదావరి సముద్రంలో కలిసేచోట, 235 చదరపు కిలోమీటర్లకు పైగా పరుచుకున్న మడ అడవి. అక్కడ బావురు పిల్లి ఉంది. నీళ్లలోకి దిగి చేపని పట్టే పిల్లి, ఎక్కువగా చీకటి పడ్డాకే తిరుగుతుంది. 2018లో చేసిన గణనలో 115 దాకా ఉన్నాయని అంచనా వేశారు. అడవిలో మనిషి కూర్చుని లెక్కపెట్టే పని కాదిది, చెట్లకు కట్టిన కెమెరాలు చేసే పని. ఒంటి వేడి కదిలినట్టు తెలియగానే కెమెరా మేలుకుని, కంటికి కనపడని పరారుణ కాంతి వెదజల్లి ఫొటో తీస్తుంది. ఆ కాంతికి బేయర్ రంగుటద్దాలన్నీ దాదాపు ఒకేలా దారిస్తాయి గనక ఫొటో నలుపు తెలుపుల్లో వస్తుంది.

అక్కడ ఒక బేరం ఉంది. 850 నానోమీటర్ల కాంతి వాడితే సిలికాన్ బాగానే పట్టుకుంటుంది గాని దీపం దగ్గర మసక ఎరుపు కనబడుతుంది. 940 వాడితే ఏమీ కనపడదు, కాని ఆ కాంతిలో ఎక్కువ భాగం సిలికాన్‌లోంచి దూసుకుపోతుంది. మడిలో నిలిచేది కొంచెమే. జంతువు బెదరకూడదనుకుంటే గ్రెయిన్స్ భరించాలి.

బావురు పిల్లుల్ని ఒకదాన్నుంచి ఒకదాన్ని వేరుచేసి గుర్తుపట్టేది ఒంటి మీది మచ్చల వరసని బట్టి. మన వేలిముద్రల్లాగే ఏ రెంటి వరసా ఒకటి కాదు. ఆ మచ్చలు చిన్నవి, నల్లనివి. ఫొటోలో గ్రెయిన్స్ కూడా చిన్నవి, నల్లనివే. ఊహించి శుభ్రం చేసే యంత్రానికి అతిగా స్వేచ్ఛనిస్తే మచ్చని గ్రెయిన్ అనుకుని తుడిచేయొచ్చు, లేదా వేరే పిల్లిని చూసి నేర్చుకున్న మచ్చని ఇక్కడ అతికించొచ్చు. ఫొటో అందంగానే ఉంటుంది. రెండు పిల్లులు ఒకటవుతాయి, లేదా ఒకటి రెండవుతుంది. ఒక జాతి అడవిలో ఎంతమేర మిగిలిందో చెప్పే అంకె అది. అందుకే ఇలాంటి లెక్కకి, ఇసుక చల్లినట్టున్నా సరే, ముట్టుకోని ఫొటోని పక్కన పెట్టుకోవాలని నా గట్టి నమ్మకం.

మరుసటి కార్తీకంలో మళ్లీ కోటిలింగాల ఘాట్‌కి వెళ్లాం. ఈసారి ఫోన్‌ని పై మెట్టు మీద రాతికి ఆనించి, ప్రో మోడ్‌లో ఐఎస్ఓ కిందికి దించి, షట్టర్ పది సెకన్లు పెట్టాను. చెయ్యి తగిలితే కదులుతుందని టైమర్ కూడా. ఇంటికొచ్చి టీవీలో చూస్తే నీళ్లు నల్లగా, నున్నగా ఉన్నాయి. రంగుల ఇసుక లేదు. దీపాలూ లేవు. ఒక్కో దీపం ఉన్నచోట ఒక్కో సన్నటి పసుపు గీత, అలతోపాటు వంకరలు తిరుగుతూ, కొన్ని ఒకదాన్నొకటి దాటుకుంటూ, వంతెన వైపు సాగి ఉన్నాయి. అత్త కుర్చీ టీవీ దగ్గరికి జరుపుకుని, తన గీత ఏదో వేలు పెట్టి వెతుకుతూ చాలాసేపు కూర్చుంది.